పోచంపాడు గట్టున సమాజశాస్త్రము

పాఠశాలలలో సాంఘికశాస్త్రమను పేర చరిత్ర, భూగోళము, పౌరశాస్త్రము బోధింపబడుచున్నవి. సమాజశాస్త్రము వీనికి చుట్టమే గాని వీనిలో ఏదియు కాదు. రాజ్యములు మారిన వత్సరములను చరిత్ర చెప్పును. నది పారు దారిని భూగోళము చూపును. మనుష్యులు కూడియుండుటకును, విడిపోవుటకును, ఒకరి మాటకు మరియొకరు లోబడుటకును గల కారణములను వెదకుట సమాజశాస్త్రము పని. ఐరోపాలో యంత్రములు వచ్చి పాత కట్టుబాట్లు సడలిన 19వ శతాబ్దమున ఈ శాస్త్రము పుట్టినది. దీనికి నామకరణము చేసినవాడు ఫ్రెంచి తత్త్వవేత్త ఆగస్టు కోంతు.

దీనిని నేర్చుటకు దూరదేశములకు పోనక్కరలేదు. నిజామాబాదు జిల్లాలో ఆర్మూరు దాటి పోచంపాడు చేరిన చాలును. అచ్చట గోదావరికి అడ్డముగా 42 గేట్ల ఆనకట్ట కలదు. 1963 జూలై 26న ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ దీనికి శంకుస్థాపన చేసెను. శ్రీరాంసాగర్ అనునది దీని నేటి పేరు. గట్టుమీద నిలుచుండి చూచిన ఒక ప్రక్క జలాశయము, మరియొక ప్రక్క కాలువల క్రింది పచ్చని పొలములు కనబడును. ఆ నీటిలో మునిగిన పల్లెలు మాత్రము కంటికి కనబడవు.

ఇచ్చట కార్ల్ మార్క్సు నిలుచుండినచో మొదట అడుగు ప్రశ్న యొకటే: ఉత్పత్తి సాధనములు ఎవరి చేతిలో నున్నవి? కాలువ అందరి ఊరి మీదుగనే పారును. కాని భూమి గలవానికి అది పంట, భూమి లేనివానికి కూలి మాత్రమే. ఊరు విడిచినవారిలోను పట్టా గలవానికి పరిహారము లెక్క కట్టవచ్చును. పరుల పొలములను నమ్ముకొని బ్రదికిన కూలివాడును, ఊరి పనులతో పొట్టపోసికొనిన చేతిపనివాడును పోగొట్టుకొనినదానికి లెక్క కట్టుట కష్టము. ఒకే గట్టు కొందరికి లాభము, కొందరికి నష్టము ఎట్లయ్యెనో చూపుటకు ఈ దృష్టి అక్కరకు వచ్చును.

ఎమిలీ దుర్ఖైము 1893లో శ్రమవిభజనపై గ్రంథము వెలువరించెను. అందరును ఒకే తీరున బ్రదుకు సమాజమున పోలికయే జనులను కలిపి యుంచును. పనులు విడివడిన సమాజమున ఒకరి అవసరము మరియొకరికి కలుగుటచేత బంధ మేర్పడును అని ఆయన సిద్ధాంతము. ఆర్మూరు ప్రాంతపు పసుపు ఇందులకు నిదర్శనము. తొలకరిలో నాటిన దుంప ఎనిమిది తొమ్మిది నెలలకు చేతికి వచ్చును. త్రవ్వినవారు, ఉడికించినవారు, ఎండబోసినవారు, మెరుగుపెట్టినవారు, లారీ నడపువారు, హమాలీలు, అడితిదారులు, వ్యాపారులు - ఇందరి చేతులు మారిన గాని ఆ కొమ్ము వంటింటికి చేరదు. ఒకరిపై నొకరు ఆధారపడుట పెరిగినది, ముఖపరిచయము తగ్గినది. న్యాయమైన నియమములు లేనిచో ఇట్టి బంధము నిలువదని దుర్ఖైము హెచ్చరించెను.

ధర పడిపోయినప్పుడు రైతు తొలుత తన తలరాతను తిట్టుకొనును. అదే దుఃఖము వేలకొలది ఇండ్లలో నున్నప్పుడు అది తలరాత కాదు, సమాజసమస్య. సొంత కష్టమునకును లోకసమస్యకును గల ఈ సంబంధమును గుర్తించు చూపునే అమెరికా పండితుడు సి. రైట్ మిల్స్ 1959లో సమాజశాస్త్రీయ కల్పనాశక్తి అని పేర్కొనెను. 2019 లోక్‌సభ ఎన్నికలలో నిజామాబాదు రైతులు ఈ సంగతిని దేశమునకు తెలియజేసిరి. పసుపునకు, ఎఱ్ఱజొన్నకు గిట్టుబాటు ధరయు, పసుపు బోర్డును కోరి 178 మంది రైతులు అభ్యర్థులుగా నిలిచిరి. మొత్తము అభ్యర్థులు 185 మంది! తలకొక గోడుగా నుండినది ఓటుయంత్రములపై పేర్ల వరుసగా మారినది. 2025 జనవరి 14న నిజామాబాదు కేంద్రముగా జాతీయ పసుపు బోర్డు ప్రారంభమైనది.

ఐకమత్యమునకు మరియొక ముఖము కూడ కలదు. ఈ జిల్లా పల్లెలలో గ్రామాభివృద్ధి కమిటీలు చట్టము వలన గాక ఊరి కట్టుబాటు వలన నడచుచున్నవి. ఇవి రోడ్లు వేయించినవి, గుడులు బడులు కట్టించినవి. వీనిలో కొన్ని తమ మాట విననివారికి, ముఖ్యముగా దళిత కుటుంబములకు, జరిమానాలు వేసి సాంఘిక బహిష్కారము విధించినట్లు పలుమారులు పత్రికలలో వచ్చినది. ఊరు ఒక్కటిగా నిలిచినదని మెచ్చుకొనుటకు ముందు, ఆ "ఊరు" అను మాటలో ఎవరు చేరిరి, ఎవరు చేరలేదు అని అడుగవలెను. ధనము, గౌరవము, అధికారము అను మూడును వేర్వేరు కొలతలని జర్మను పండితుడు మాక్స్ వేబరు చెప్పినది ఇచ్చట స్మరింపదగును. గల్ఫు దేశమునకు పోయి సంపాదించి మిద్దె కట్టుకొనినవానికి ధనము కలిగినది. ఊరి కూటములో అతని మాటకు విలువ కూడ కలిగినదా?

ఇట్టి ప్రశ్నలను తెలుగునాట మొదట శాస్త్రరీతిగా వేసినవారిలో ఎస్. సి. దూబే ముఖ్యుడు. హైదరాబాదు సమీపమున నున్న శామీర్‌పేట గ్రామమును ఆయన ఉస్మానియా విశ్వవిద్యాలయ బృందముతో పరిశీలించి, 1955లో ఆంగ్లమున గ్రంథము ప్రకటించెను. ఒక్క పల్లెను శ్రద్ధగా చూచిన ఒక దేశమే కొంత తెలియునని ఆ కృషి చాటినది.

ఉపాధ్యాయులు ఈ పనిని తరగతిగదిలోనే మొదలుపెట్టవచ్చును. తాతలు చేసిన పని యేది, తండ్రులు చేయునది యేది, ఇంటిలో బీడీలు చుట్టువారెవరు, ఎడారిదేశములకు పోయినవారెవరు అని విద్యార్థులు పేర్లు వ్రాయకయే లెక్క తీసిన, నల్లబల్లపై ఒక ఊరి చరిత్ర నిలుచును. తన ఇంటి కష్టము ప్రక్కవాని ఇంటిలోను కలదని ఎఱిగిన పిల్లవాడు సిగ్గుపడుట మాని ఆలోచించుట మొదలిడును. సమాజశాస్త్రమున అదియే తొలి పాఠము.