పితికిన పప్పు కూరకు ఇంటికో పద్ధతి
పండుగ వంటపై పుట్టింటి, మెట్టినింటి వాదులాట

(ప్రత్యేక విలేఖరి)

చిత్తూరు: సంక్రాంతి దగ్గర పడేకొద్దీ పడమటి మండలాల పల్లెల్లో ప్రతి తిన్నె మీదా ఒకటే పని కనిపిస్తుంది. మధ్యలో చాటెడు అనపకాయలు, చుట్టూ ఇంటిల్లిపాది. పిల్లలు కాయలు ఒలుస్తుంటారు. ఆడవాళ్లు నానిన గింజలు పితుకుతుంటారు. ముసలివాళ్లు పుచ్చులు ఏరుతుంటారు. చేతులు పని చేస్తుంటే నోళ్లు ఊరుకోవు. ఈ పప్పును ఎలా వండాలన్న వాదన అక్కడే మొదలై, పండుగ నాడు విస్తరి ముందు కూర్చునే దాకా సాగుతుంది.

పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్నారు పెద్దలు. అనపకాయల విషయంలో ఈ సామెత ఇంటింటా నిజమవుతున్నది. మసాలా నూరి పోయాలని ఒకరు, పులుసు పెట్టాలని ఒకరు, అసలు పితకడమే దండగని ఇంకొకరు వాదిస్తారు. పైకి ఇది నాలుక తగాదాగా కనిపించినా, లోతుకు వెళ్లి చూస్తే ఇందులో పుట్టిల్లు, మెట్టినిల్లు, పొలం, విత్తనం అన్నీ కలిసి ఉన్నాయి.

చిక్కుడుకు చుట్టం

ముందుగా పేరు సంగతి చెప్పుకోవాలి. కోస్తా జిల్లాల వారు ఆనపకాయ అంటే సొరకాయ. మన వైపు అనపకాయ అంటే చిక్కుడు కుటుంబానికి చెందిన చేని కాయ. పేరులో దీర్ఘం ఒక్కటే తేడా, వస్తువులు మాత్రం పూర్తిగా వేరు. పెరట్లో పందిరికి పాకే చిక్కుడు, చేలో పండే అనప నిజానికి ఒకే జాతి మొక్కలని వృక్షశాస్త్రం చెబుతుంది. చిక్కుడును తొక్కతో సహా వండుకుంటాము. అనపకాయకు తొక్క పనికిరాదు, గింజే ముఖ్యం. ఎండిన గింజలను అనుములంటారు. కన్నడ సీమలో దీనిని అవరె అనీ, తమిళ సీమలో మొచ్చై అనీ పిలుస్తారు.

మన మెట్ట చేలలో అనపను విడిగా వేయడం తక్కువ. జూన్, జూలై వానలకు వేరుశనగ విత్తేటప్పుడు కొన్ని సాళ్లకు ఒక సాలు చొప్పున అనప, కంది, అలసంద కలిపి వేయడం పాత పద్ధతి. వేరుశనగ పెరికిన తర్వాత కూడా అనప చేలోనే నిలబడుతుంది. పగటి పొద్దు తగ్గితే గాని నాటు రకం పూతకు రాదు. అందువల్ల ఎప్పుడు విత్తినా కాపు చలికాలానికే అందుతుంది. సంక్రాంతికీ అనపకాయకూ ముడి ఇలా పడింది. పండుగకని ఎవరూ ఏరి కోరి పెట్టిన వంటకం కాదిది, ఆ రోజుల్లో చేను ఇచ్చినదే పండుగ కూర అయింది.

మంచు పడిన కాయకే వాసన ఎక్కువని రైతులు చెబుతారు. తొక్కను చేత్తో నలిపితే నూనె వంటి జిడ్డు అంటుకుంటుంది. ఒకసారి ఒలిస్తే ఎంత కడిగినా ఆ వాసన వేళ్లను వదలదు. బజారులో కాయ కొనే ఆడవాళ్లు ముందుగా ముక్కు దగ్గర పెట్టుకుని చూసేది ఇందుకే.

పితకాలా, వద్దా?

మొదటి తగాదా ఇక్కడే వస్తుంది. ఒలిచిన గింజలను నాలుగైదు గంటలు నీళ్లలో నానబెడితే పై పొట్టు వదులవుతుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గింజను పెట్టి ఒక కొసన నొక్కితే, రెండో కొస నుంచి పప్పు చివుక్కున బయటికి దూకుతుంది. ఇదే పితికిన పప్పు. చెప్పడానికి తేలికే గాని, పది మందికి కూర కావాలంటే ఇద్దరు మనుషులకు ఒక పూట పడుతుంది. కాయ బరువులో దాదాపు సగం తొక్కగానే పోతుంది. ఆ పైన పొట్టు పోతుంది. ఇవన్నీ పశువుల గాటికి చేరతాయి గనుక వృథా ఏమీ లేదు.

పితికిన పప్పు వెన్నలా ఉంటుందనీ, పొట్టుతో వండితే నోటికి తగులుతుందనీ ఒక వర్గం వాదన. పొట్టులోనే కమ్మదనం ఉందనీ, గింజ గింజగా నమిలి తినడంలోనే సుఖమనీ రెండో వర్గం అంటుంది. పొట్టులో పీచు ఉంటుంది గనుక రెండో వర్గానికీ కొంత బలం లేకపోలేదు. అయితే ఈ వాదనలో చాలా ఇళ్లలో పైకి చెప్పని మాట ఒకటుంది. పితకాలని పట్టుబట్టేవారు వేరు, కూర్చుని పితికేవారు వేరు. పండుగ ముందు రోజుల్లో పిండి వంటలు, ముగ్గులు, ఇల్లు అలకడం అన్నీ ఆడవాళ్ల నెత్తినే ఉంటాయి. మగవాళ్లు కూడా తిన్నె ఎక్కి చేయి వేసిన ఇళ్లలో ఈ తగాదా సగం తగ్గిపోతుందని అనుభవస్థులు అంటారు.

నానబెట్టే నీళ్లలో కొందరు వంట సోడా చిటికెడు వేస్తారు. పొట్టు త్వరగా వదులుతుంది గాని పప్పు చిదిమిపోయి రుచి తగ్గుతుంది. ఇంకొంచెం సేపు నానబెట్టడమే మేలు.

మూడు దిక్కుల మూడు రుచులు

వంట దగ్గరికి వచ్చేసరికి ఊరికో దారి. దీనికి కారణం మన జిల్లా పుట్టుకలోనే ఉంది. 1911లో చిత్తూరు జిల్లాను ఏర్పరచినప్పుడు ఉత్తర ఆర్కాటు నుంచి కొన్ని తాలూకాలు, కడప జిల్లా నుంచి మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు తెచ్చి కలిపారు. పుంగనూరు వంటి జమీందారీలూ చేరాయి. ఒక పక్క తమిళ సీమ, ఒక పక్క కన్నడ సీమ, ఉత్తరాన కడప. 2022 ఏప్రిల్‌లో పాత జిల్లా విడిపోయి తిరుపతి, అన్నమయ్య జిల్లాలు ఏర్పడ్డాయి. గీతలు మారినా వియ్యాలు మారలేదు. పిల్లనిచ్చి పుచ్చుకునే ఊళ్ల వెంబడే కూరలూ నడిచి వచ్చాయి.

మదనపల్లె, పీలేరు వైపు మసాలా కూరకే పీట. పలమనేరు, కుప్పం వైపు పలుచని సారు పెట్టి రాగి ముద్ద పక్కన పోసుకుంటారు. కన్నడ సీమ అలవాటున సబ్బసిగ ఆకు వేసే ఇళ్లూ ఉన్నాయి. తూర్పున నగరి, సత్యవేడు వైపు పొంగలి పండుగకు గుమ్మడి, వంకాయ, చిలగడదుంప వంటి కాయలతో పెట్టే కలగూర పులుసులో ఈ గింజలు ఒక భాగం. మసాలా వాసన తగిలితే అది పండుగ పులుసే కాదని ఆ వైపు పెద్దలు ఖండితంగా చెబుతారు.

ఎర్రగడ్డ, తెల్లగడ్డల సంగతి మరొక పేచీ. సంక్రాంతి నాడు పెద్దలకు బట్టలు పెట్టి, వండినవి ఆకులో వడ్డించి మొక్కుకోవడం మన ఆచారం. పెద్దలకు పెట్టే కూరలో ఎర్రగడ్డ, తెల్లగడ్డ పడకూడదని కొన్ని ఇళ్ల నియమం. బతికి ఉండగా వాళ్లు ఇష్టంగా తిన్నదే పెట్టాలని మరికొన్ని ఇళ్ల నియమం. రెండింటిలోనూ భక్తి ఉంది గనుక తప్పొప్పులు ఎంచడం కష్టం.

టమోటా మీద కూడా మాట తేడా ఉంది. మదనపల్లె మార్కెట్టు టమోటాకు పేరు పొందిన తరువాత మన కూరల్లో అది పడనిది తక్కువ. అయినా అనప వాసనను టమోటా పులుపు మింగేస్తుందని పాతకాలపు వారు దానిని దగ్గరికి రానివ్వరు. ఉర్లగడ్డ వేస్తే కూర చిక్కబడుతుందని కొందరు, కూర తక్కువై బంధువులు ఎక్కువైన నాడే ఉర్లగడ్డ వేస్తారని మరికొందరు ఎత్తిపొడుస్తారు.

రెండు పద్ధతులు

అయిదారుగురికి మసాలా కూర చేసే తీరు ఇది. అర కిలో పితికిన పప్పు తీసుకోవాలి. రెండు చెంచాల ధనియాలు, ఆరు ఎండు మిరపకాయలు, చిన్న దాల్చిన చెక్క, మూడు లవంగాలు, ఒక చెంచా గసగసాలు దోరగా వేయించాలి. వీటికి అర చిప్ప పచ్చి టెంకాయ, ఎనిమిది తెల్లగడ్డ పాయలు, అంగుళం అల్లం చేర్చి మెత్తగా నూరాలి. నూనెలో ఆవాలు, కరివేపాకు, తరిగిన రెండు ఎర్రగడ్డలు వేగిన తరువాత పప్పు, పసుపు, మునిగేటన్ని నీళ్లు పోసి ఉడికించాలి. పప్పు వేలితో నొక్కితే నలగాలి గాని విడిపోకూడదు. అప్పుడు ఉప్పు, నూరిన ముద్ద కలిపి సన్నని మంట మీద నూనె తేలేదాకా ఉంచాలి. గరిటెతో ఎక్కువ కలియబెడితే పప్పు గుజ్జవుతుంది. రాగి సంగటికీ దోసెకూ ఇది దీటైన జోడీ.

పులుసుకు గింజలను పితకనక్కరలేదు. అర కిలో గింజలను మెత్తగా ఉడికించి, నాలుగు వంకాయలు చీల్చి వేయాలి. నిమ్మకాయంత చింతపండు పిసికిన రసం, రెండు చెంచాల సాంబారు పొడి, ఉప్పు, చిన్న బెల్లం ముక్క వేసి మరిగించాలి. చివర ఆవాలు, ఇంగువ, కరివేపాకుతో తిరగమోత పెడితే సరి. ఎర్రగడ్డ, తెల్లగడ్డ లేకపోయినా రుచికి లోటుండదు. అన్నంలోకి ఇదే బాగు. మరునాటికి మరింత రుచిగా ఉంటుంది.

ఒక హెచ్చరిక అవసరం. అనప గింజను పచ్చిగా తినరాదు. ముఖ్యంగా ఎండిన అనుముల్లో సహజంగానే కొంత విషపదార్థం ఉంటుంది. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో బాగా ఉడికిస్తే ఆ దోషం పోతుంది. మాంసకృత్తులకు లోటు లేని గింజ ఇది. మాంసం రోజూ కొనలేని ఇళ్లకు పెద్ద ఆసరా.

కోడలి కూర ఎప్పుడు?

ఈ వాదులాటలో నవ్వులాట ఎంత ఉన్నా నొప్పి కూడా కొంత ఉంది. సత్యవేడు పిల్ల మదనపల్లెకు కోడలిగా వస్తే, తల్లి నేర్పిన పులుసు ఆమె చేతిలోనే ఉండిపోతుంది. పండుగ నాడు పొయ్యి మీద ఉండేది అత్తగారి కూరే. ఏళ్లు గడిచి ఆమే అత్తగారయ్యే నాటికి పుట్టింటి కొలతలు మరిచిపోతుంది. ఈ కూరలేవీ పుస్తకాలకెక్కినవి కావు. పిడికెడు, చిటికెడు, చారెడు అన్న లెక్కలు చూసి నేర్చుకోవలసిందే. వండని కూర ఒక తరం దాటితే మళ్లీ పుట్టదు.

దీనికి కొన్ని కుటుంబాలు మంచి ఉపాయం కనిపెట్టాయి. భోగి నాడు కోడలి పుట్టింటి పద్ధతి, సంక్రాంతి నాడు ఇంటి పెద్దల పద్ధతి అని రోజులు పంచుకున్నారు. కనుమ నాడు ఎలాగూ కోడికూరదే రాజ్యం, అందులోనూ నాలుగు అనప గింజలు వేసుకునే వారున్నారు. మూడు రోజుల పండుగలో ఒక పూట కోడలికి వదిలితే అత్తగారి పెద్దరికానికి వచ్చే లోటు లేదు. పిల్లలకు రెండు రుచులూ తెలుస్తాయి.

విత్తనం ఉంటేనే వాదన

ఎలా వండాలన్న వాదన సరే, వండడానికి గింజ ఉండాలి గదా! కొన్ని దశాబ్దాలుగా మన మెట్ట చేలలో వేరుశనగ సాగు బాగా తగ్గింది. కరువుకు తట్టుకోలేక చాలామంది మామిడికీ, బోరు ఉన్నవారు టమోటాకూ, మిగిలినవారు పాడికీ మళ్లారు. వేరుశనగతో పాటే అందులోని అనప సాలు కూడా పోయింది. ఇంట్లో తినడానికి కాయలు పంచిపెట్టిన రైతే నేడు సంచి పట్టుకుని సంతకు వెళుతున్నాడు.

మరో పక్క బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి హెబ్బాళ్ అవరె 3, 4 వంటి రకాలు వచ్చాయి. ఇవి పగటి పొద్దుతో నిమిత్తం లేకుండా తక్కువ రోజుల్లో ఏ కాలంలోనైనా కాస్తాయి. అమ్ముకునే రైతుకు ఇది లాభమే. కాని నాటు కాయకు ఉన్నంత వాసన వీటికి లేదని తినేవారి మాట. పట్టణాల్లో పితికిన పప్పును కొలిచి అమ్ముతున్నారు. ఉద్యోగాలకు వెళ్లే ఆడవాళ్లకు అది సౌకర్యమే, తప్పు పట్టవలసిన పని లేదు. అయితే పొట్లం విప్పి పొయ్యి మీద వేసే ఇంట్లో తిన్నె మీద కూడిక ఉండదు. కూడిక లేని చోట వాదనా ఉండదు, చూసి నేర్చుకునే పిల్లలూ ఉండరు.

కనుక ఈ సంక్రాంతికి ఎవరి కూర గొప్పదో తేల్చుకోవలసిన అవసరం లేదు. గట్టు మీదనో, పెరటి కంచె వెంబడినో వచ్చే వానకు చారెడు నాటు గింజ పెట్టడానికి మంచి కాయలను కొన్నింటిని కొయ్యకుండా చెట్టునే ఎండనివ్వాలి. ఎండిన గింజను బూడిద కలిపి కుండలో దాచుకుంటే వానకాలం దాకా పురుగు పట్టకుండా ఉంటుంది. ఇంట్లో చదువుకునే పిల్లల చేత అవ్వ చెప్పిన కొలతలూ, అమ్మమ్మ చెప్పిన కొలతలూ రెండూ ఒక నోటుపుస్తకంలో రాయించాలి. ఆ తరువాత మసాలానా, పులుసా అని ఎంత పోట్లాడుకున్నా నష్టం లేదు. మరుసటి ఏటికి మళ్లీ పోట్లాడుకోవడానికి విత్తనమూ ఉంటుంది, వంటా ఉంటుంది.