“చూసిన సారూ, కనబడలే!” - సైకిలు మనిషి డ్రైవరు కంటికి ఎందుకు ఆనడు?



రోడ్డు ప్రమాదంలో దెబ్బలు తగిలినవారిని మా క్యాజువాలిటీకి తీసుకువచ్చేవారిలో ఒక్కోసారి ఢీకొట్టిన డ్రైవరే ఉంటాడు. చేతులు వణుకుతుంటాయి, చొక్కాకు రక్తం అంటి ఉంటుంది. ఎలా జరిగిందని అడిగితే దాదాపు ఒకటే మాట: “చూసిన సారూ. రెండు దిక్కులా చూసే మలిపిన. ఎవ్వలు కనబడలే. సైకిలు ఎక్కడ్నుంచి వచ్చిందో ఏమో!” వరండాలో కూర్చున్న బంధువులకు ఈ మాట వింటే ఒళ్ళు మండుతుంది. “ఇంత మనిషి, ఇంత సైకిలు కనబడలేదా? కండ్లు నెత్తికెక్కినయా?” అంటారు. వారి బాధ న్యాయమైనదే.

తాగి నడపడం, సెల్‌ఫోను మాట్లాడుతూ నడపడం, మితిమీరిన వేగం - వీటిని మేము వెనకేసుకు రావడం లేదు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క. వాటిలో మనిషి తప్పు లేనివి తక్కువే. అయినా ఆ డ్రైవరు ప్రతిసారీ అబద్ధం చెబుతున్నాడని కాదు. చూసి కూడా కనబడకపోవడం నిజంగా జరుగుతుంది. ఎందుకో తెలుసుకుంటే రోడ్డు మీద ఇద్దరూ జాగ్రత్త పడవచ్చు.

మన కన్ను కెమెరా కాదు

మీ చెయ్యి ముందుకు చాచి బొటనవేలి గోరు చూడండి. మనకు ఒక్కసారికి నిజంగా స్పష్టంగా కనిపించేది దాదాపు అంత చోటే. కంటి వెనుక పొర అయిన రెటీనాలో నడిమధ్య ఉన్న చిన్న గుంట మాత్రమే అక్షరాలనూ ముఖాలనూ స్పష్టంగా పట్టగలదు. మిగిలిన చూపంతా మసకే. ఆ మసకను పూరించి, అంతా స్పష్టంగానే ఉందని మనల్ని నమ్మించేది మెదడు.

స్పష్టత కోసం కన్ను ఒక చోటి నుండి ఇంకో చోటికి గంతులు వేస్తుంది. సెకనుకు రెండు మూడు గంతులు. ప్రతి గంతులోనూ, కన్ను కదిలే ఆ క్షణం పాటు, మెదడు చూపును దాదాపు ఆపివేస్తుంది. లేకపోతే లోకమంతా గిర్రున తిరిగినట్లు ఉంటుంది. డ్రైవరు తల గబగబా కుడికీ ఎడమకూ తిప్పినప్పుడు కన్ను రెండు మూడు చోట్ల మాత్రమే ఆగుతుంది. లారీ, బస్సు పెద్దవి కాబట్టి ఎక్కడ ఆగినా పట్టుబడతాయి. ఎదురుగా వచ్చే సైకిలు మాత్రం సన్నని గీతలాంటిది. రెండు ఆగుల మధ్య ఖాళీలో ఇట్టే దాగిపోతుంది.

వెతికేదే కనబడుతుంది

1999లో అమెరికాలో డేనియల్ సైమన్స్, క్రిస్టఫర్ చబ్రిస్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక ప్రయోగం చేశారు. కొందరికి బంతి ఆట వీడియో చూపించి, తెల్లచొక్కాలవారు బంతిని ఎన్నిసార్లు అందించుకున్నారో లెక్కపెట్టమన్నారు. మధ్యలో గొరిల్లా వేషం వేసిన మనిషి ఆటగాళ్ళ నడుమకు వచ్చి, గుండెలు బాదుకొని వెళ్ళింది. చూసినవారిలో దాదాపు సగం మందికి ఆ గొరిల్లా కనబడనే లేదు! కళ్ళు తెరిచే ఉన్నాయి. కానీ మనసు లెక్క మీద ఉంది.

రోడ్డు మీద డ్రైవరు మనసు ఏం వెతుకుతుంది? తనకు ప్రమాదం తెచ్చేవాటిని - లారీని, బస్సును, కారును. సైకిలు అతనికి ప్రాణభయం కలిగించదు కాబట్టి ఆ లెక్కలో పడదు.

ఇంకో సంగతి కూడా ఉంది. ఒకప్పుడు గోదావరిఖనిలో షిఫ్టు మారే వేళ సింగరేణి కార్మికుల సైకిళ్ళు బారులు తీరి సాగేవి. ఏ డ్రైవరైనా ఆ వేళకు సైకిళ్ళు వస్తాయని ముందే అనుకొని నడిపేవాడు. ఇప్పుడు ఆ చోటు మోటారు సైకిళ్ళకు వచ్చింది. సైకిళ్ళు తగ్గేకొద్దీ వాటిని ఎదురుచూసే అలవాటు కూడా తగ్గుతుంది. ఎక్కువమంది సైకిలు తొక్కే ఊళ్ళలో ఒక్కొక్కరికి ప్రమాద భయం తక్కువగా ఉంటుందని 2003లో పీటర్ జాకబ్సన్ అనే పరిశోధకుడు పలు దేశాల లెక్కలతో చూపించాడు.

కారు స్తంభం చాటున

కారు ముందు అద్దానికి రెండు పక్కలా స్తంభాలు ఉంటాయి. మన కార్లలో డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు. అందువల్ల కుడి స్తంభం కంటికి దగ్గరగా ఉండి ఎక్కువ అడ్డం వస్తుంది. సైకిలు, దానిమీది మనిషి కలిపి దాని చాటున దాగిపోగలరు. కారు, సైకిలు రెండూ నిలకడైన వేగంతో ఒకే సమయానికి కూడలికి చేరేలా వస్తుంటే, డ్రైవరు కంటికి సైకిలు ఉన్న దిక్కు మారదు. స్తంభం చాటున ఉన్నది చివరిదాకా చాటునే ఉండిపోతుంది. చాటు లేకపోయినా, దిక్కు మారనిది కదలనట్లే తోస్తుంది. కదలని దానిని మసక చూపు పట్టించుకోదు.

లారీకి ఈ చాటు ఇంకా పెద్దది. క్యాబిన్‌కు ఎడమ పక్కన, సరిగ్గా ముందు బంపరు కింద నిలబడ్డ మనిషి డ్రైవరుకు కనబడడు. ఎడమకు మలిగే లారీ పక్క సందులో సైకిలు దూర్చడం ప్రాణాంతకం.

రాజీవ్ రహదారి మీద

హైదరాబాదు నుండి కరీంనగర్, సుల్తానాబాద్, పెద్దపల్లి మీదుగా గోదావరిఖని వైపు వెళ్ళే రాజీవ్ రహదారి నాలుగు వరుసలది. డివైడరు సందు దూరంగా ఉందని చాలామంది సైకిలును రాంగు సైడులోనే తొక్కుతారు. ఊరి దారి నుండి రహదారి ఎక్కి ఎడమకు మలిగే డ్రైవరు, వాహనాలు వచ్చే కుడివైపే చూస్తాడు. ఎడమ నుండి ఎదురు వచ్చే సైకిలు అతని చూపులోనే ఉండదు. వాహనాలు కుడివైపున నడిచే ఫిన్లాండులో 1990లలో డ్రైవర్ల చూపును గమనించిన పరిశోధకులకు, దిక్కులు తారుమారుగా, సరిగ్గా ఇదే కనబడింది.

కోతల కాలంలో ఊరి రోడ్ల మీద వడ్లు, మక్కలు ఆరబోసి, రాత్రికి నల్ల పరదా కప్పి చుట్టూ రాళ్ళు పెడతారు. సైకిలు మనిషి ఆ కుప్పను తప్పించుకోవడానికి రోడ్డు నడిమికి రాక తప్పదు. వెనుక వచ్చే డ్రైవరుకు కుప్పా కనబడదు, మనిషీ కనబడడు.

చీకటి, ఎదురు లైటు

తెల్లవారుజామున పాల క్యాన్లు, పేపర్లు వేసుకొని వెళ్ళేవారు, పొద్దుగూకినాక పొలం నుండి వచ్చేవారు ఎక్కువగా గురి అవుతారు. చలికాలంలో నల్ల గొంగడి కప్పుకుంటే మనిషి చీకటిలో కలిసిపోతాడు. ఎదురుగా వచ్చే లారీ ఫుల్ లైటు కళ్ళలో పడితే చూపు తేరుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. కంటిలో శుక్లాలు ఉన్నవారికి ఆ వెలుగు చెదిరి ఇంకా ఇబ్బంది.

ఇప్పుడు వేగం లెక్క చూడండి. గంటకు 60 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. ప్రమాదం గుర్తించి బ్రేకు మీద కాలు వేయడానికి సెకనున్నర అనుకుంటే, పొడి రోడ్డు మీద మంచి బ్రేకులున్న కారు ఆగేసరికి సుమారు 45 మీటర్లు సాగిపోతుంది. 80 అయితే సుమారు 70 మీటర్లు. 40 అయితే 26 మీటర్లే. డిమ్ లైటులో గొంగడి మనిషి 45 మీటర్ల అవతల కనబడడు. అంటే కనబడేసరికే ఆలస్యం అయిపోయింది.

వాహనం నడిపేవారికి

• కూడలిలో తల తిప్పడం కాదు, చూపును మూడు నాలుగు చోట్ల ఆపి చూడండి. రెండోసారి మళ్ళీ చూడండి. “సైకిలు ఉందా?” అని మనసులో అడుగుతూ చూడండి.
• స్తంభం చాటు చూడటానికి సీటులోనే కొంచెం ముందుకు, పక్కకు వంగండి.
• ఎడమకు మలిగేటప్పుడు ఎడమవైపు కూడా చూడండి.
• ఎదురు లైటుకు కళ్ళు చెదిరితే వేగం తగ్గించండి.
• నలభై దాటినవారు కళ్ళు పరీక్ష చేయించుకోండి.

సైకిలు తొక్కేవారికి

• వెనుక ఎర్ర రిఫ్లెక్టరు, ముందు లైటు ఉండాలి. మెరిసే టేపును పెడళ్ళకు, కాలిమడమ దగ్గర పట్టీలా కట్టండి. పైకీ కిందికీ కదిలే మెరుపును చూడగానే మెదడు “మనిషి” అని గుర్తుపడుతుంది. ఆస్ట్రేలియాలో జరిగిన ప్రయోగాలలో ఇది తేలింది.
• పసుపు, నారింజ మెరుపు రంగులు పగటి వెలుగులోనే పనిచేస్తాయి. రాత్రికి టేపే కావాలి. గొంగడి పైన తెల్ల తువ్వాలు వేసుకున్నా మేలే.
• రాంగు సైడు వద్దు. లారీ ఎడమ పక్క సందు వద్దు.
• డ్రైవరు ముఖం మీకు కనబడకపోతే, మీరు అతనికి కనబడలేదనే అనుకోండి.
• పిల్లలకు, పెద్దలకు హెల్మెట్టు తలను కాపాడుతుంది.

ప్రమాదం జరిగితే

108కి ఫోను చేయండి. రక్తం కారే చోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదమండి. మెడ, తల కదిలించకండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్ళు పోయకండి. సాయం చేస్తే పోలీసు కేసులో ఇరుక్కుంటామని భయపడకండి. సాయం చేసినవారిని వేధించరాదని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది, 2019లో మోటారు వాహనాల చట్టంలోనూ చేర్చారు.

చివరగా ఒక మాట. మెరిసే టేపు కట్టుకోలేదని సైకిలు మనిషిది తప్పు అని మేము అనడం లేదు. రెండు చక్రాలకు, ఒక టన్ను ఇనుముకు మధ్య భారం సమానంగా ఉండదు. ఎక్కువ దెబ్బ కొట్టగలవాడిదే ఎక్కువ బాధ్యత. కన్ను మోసం చేస్తుందని తెలిసినాక “కనబడలే” అనే మాట చాలదు. నెమ్మదిగా వెళ్ళి ఇంకొకసారి చూడటం మన చేతిలోనే ఉంది.