బల్ల పైన బొమ్మ రైలు.. బల్ల కింద బోలెడు బుర్ర

హ్యాకర్ అనగానే ఏం గుర్తొస్తుంది? చీకటి గది, నల్ల హుడీ, స్క్రీన్ మీద జలజలా జారిపోయే పచ్చ అక్షరాలు. సినిమాలు మనకలా అలవాటు చేశాయి. కానీ కంప్యూటర్ వాళ్ల నోట్లో ఆ మాట నానడం మొదలైన గదిలో హుడీలు లేవు, బ్యాంకు దోపిడీలు లేవు. ఉన్నదల్లా ఓ పెద్ద బల్ల, దాని మీద తిరిగే బొమ్మ రైళ్లు!

అమెరికాలోని ఎంఐటీలో 1946లో పుట్టిన ఆ క్లబ్బు పేరు టెక్ మోడల్ రైల్‌రోడ్ క్లబ్. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో తాత్కాలికంగా కట్టిన ‘బిల్డింగ్ 20’లో దాని గది ఉండేది. సభ్యుల్లో రెండు జట్లు. ఒక జట్టుది బల్ల పైన పని. ఇంజిన్లకు రంగులేస్తారు, కొండలు కడతారు, పాత రైళ్ల చరిత్ర తవ్వుతారు. రెండో జట్టు బల్ల కిందకి దూరుతుంది. పాత టెలిఫోన్ ఎక్స్ఛేంజీల రిలేలు, స్విచ్చులు పోగేసి, ఏ పట్టాకు ఎప్పుడు కరెంటు వెళ్లాలో తేల్చే వైరింగ్ అల్లుతుంది. ఫోన్ డయల్ తిప్పి రైలు నడిపిన ఘనులు వీళ్లు.

ఈ కింది జట్టు మాటల్లోదే ‘హ్యాక్’. ఏదో లాభం కోసం కాకుండా, చేయాలన్న సరదాతో, కాస్త గడుసుగా చేసిన పని అన్నమాట. పీటర్ శాంసన్ అనే సభ్యుడు 1959లో రాసిన క్లబ్బు నిఘంటువులో హ్యాక్, హ్యాకర్ రెండూ ఉన్నాయి. క్యాంపస్‌లో టీఎక్స్-0 కంప్యూటర్ దొరకగానే ఈ కుర్రాళ్లు అటు పరుగెత్తారు. 1962లో వచ్చిన ‘స్పేస్‌వార్’ గేమ్ వెనక ఉన్నదీ ఈ గుంపే. ఆ ఆటకు చేత్తో పట్టుకునే కంట్రోల్ డబ్బాలు తయారైంది క్లబ్బు గదిలోని విడిభాగాలతోనే. మీ గేమ్‌ప్యాడ్ ముత్తాత రైలు బల్ల కింద పుట్టిందని చెప్పుకోవచ్చు.

అందుకే ఎవరైనా ‘మోడల్ రైళ్లా? డబ్బున్నవాళ్ల బొమ్మల కొలువు’ అంటే, వాళ్లు చూసింది బల్ల పైభాగమే అనుకోవాలి. అసలు మజా కింద ఉంది.

లేఅవుట్ అంటే ప్లాట్లు కాదు

పట్టాలు, ఊళ్లు, కొండలు అన్నీ కలిపి అమర్చిన బల్లను ఈ హాబీలో లేఅవుట్ అంటారు. మనకు ఆ మాట వినగానే గజం రేటు గుర్తొస్తుంది. ఇక్కడా జాగా సమస్యే, కాకపోతే లెక్క సెంటీమీటర్లలో.

ఎక్కువమంది వాడే స్కేలు హెచ్ఓ. అసలు రైలును 87 రెట్లు కుదిస్తే వచ్చే సైజు. మన పాత నీలం ఐసీఎఫ్ బోగీ పొడవు 21.3 మీటర్లు. హెచ్ఓలో అది 24.5 సెంటీమీటర్లు. ముద్దుగానే ఉంది కదా! ఇప్పుడు 22 బోగీలు తగిలించండి. ఇంజిన్ కాకుండానే 5.4 మీటర్లు. హాల్లో బయల్దేరిన రైలు గార్డు డబ్బా బయటికి రాకముందే ఇంజిన్ వంటింట్లో తేలుతుంది. 160 రెట్లు కుదించే ఎన్ స్కేలుకు వెళ్లినా దాదాపు 3 మీటర్లు కావాలి.

అందుకే మోడలర్లు అన్నీ కట్టరు. ఏది ఉంచాలో, ఏది వదలాలో ఎంచుకుంటారు. రాజమండ్రి గోదావరి మీది ఆర్చి వంతెననే తీసుకోండి. ఒక్కోటి 97.55 మీటర్ల ఆర్చీలు 28. హెచ్ఓలో మొత్తం కట్టాలంటే 31 మీటర్లు దాటుతుంది. అదే ఎన్ స్కేలులో ఒక్క ఆర్చీ 61 సెంటీమీటర్లే. మూడు ఆర్చీలు కట్టి కింద నీళ్లు చూపించండి, చూసిన తెలుగువాళ్లు ‘గోదావరి!’ అనకపోతే అడగండి. అరకు రూటైతే ఇంకా సుఖం. అడుగడుక్కీ సొరంగాలు కాబట్టి, రైలు వెనక్కి తిరిగి రావడానికి వేసిన వంపులన్నీ కొండ కింద దాచేయొచ్చు.

మనవాళ్లకు ఇంకో తలనొప్పి ఉంది. హెచ్ఓ పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. అది 1,435 మిల్లీమీటర్ల స్టాండర్డ్ గేజ్‌కి సరిపోయే లెక్క. మన బ్రాడ్ గేజ్ 1,676 మిల్లీమీటర్లు. న్యాయంగా అయితే మనకు 19.3 రావాలి. దుకాణంలో దొరికే హెచ్ఓ పట్టాల మీద మన ఇంజిన్ కాళ్లు దగ్గరగా పెట్టుకుని నిలబడ్డట్టు ఉంటుంది. పట్టుదల ఉన్నవాళ్లు సొంతంగా పట్టాలు వేసుకుంటారు. మిగతావాళ్లు ఆ మూడు మిల్లీమీటర్లకు కళ్లు మూసుకుంటారు.

పట్టాల్లో ప్యాకెట్లు

పాత పద్ధతిలో పట్టాలకు ఎంత వోల్టేజీ ఇస్తే రైలు అంత వేగంగా పోతుంది. చిక్కేమిటంటే, ఆ పట్టా మీదున్న ఇంజిన్లన్నీ కలిసి కదులుతాయి. ఒకదాన్ని ఆపాలంటే పట్టాలను ముక్కలుగా విడగొట్టి, ఒక్కోదానికి ఒక్కో స్విచ్చు పెట్టాలి.

జర్మనీకి చెందిన లెంజ్ సంస్థ పద్ధతి ఆధారంగా అమెరికా నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ 1990ల్లో డీసీసీ అనే ప్రమాణం తెచ్చింది. పట్టాల్లో కరెంటు ఎప్పుడూ ఉంటుంది. దాని ధ్రువాలు చకచకా అటూఇటూ మారుతుంటాయి. ఆ మార్పుల మధ్య వ్యవధిలోనే సందేశం ఉంటుంది. 58 మైక్రోసెకన్లయితే 1, వందో అంతకంటే ఎక్కువో అయితే 0. అడ్రస్, ఆదేశం, చివర్లో తప్పులు పట్టే ఒక బైట్. అచ్చం నెట్‌వర్క్ ప్యాకెట్టే! సికింద్రాబాద్ స్టేషన్లో అనౌన్స్‌మెంట్ అందరికీ వినిపిస్తుంది, ఆ రైలెక్కేవాళ్లే లేస్తారు. ఇక్కడా అంతే. సందేశం ప్రతి ఇంజిన్‌కీ చేరుతుంది, తన నంబరు విన్నదే కదులుతుంది.

కింది జట్టు పని ఒక్కోసారి మనసుకూ తగులుతుంది. రాక్ గాయకుడు నీల్ యంగ్ కుమారుడికి సెరెబ్రల్ పాల్సీ. మామూలు కంట్రోలర్ తిప్పడం ఆ పిల్లాడి వల్ల కాదు. తేలిగ్గా నొక్కగలిగే పెద్ద బటన్‌తో బాబే రైలు నడిపేలా యంగ్ ఏర్పాటు చేశాడు. అక్కణ్నుంచి రిమోట్ కంట్రోల్ పద్ధతుల మీద పనిచేస్తూ 1990ల్లో అమెరికన్ బొమ్మ రైళ్ల కంపెనీ లయనెల్‌లో భాగస్వామి కూడా అయ్యాడు.

కోర్టుకెక్కిన బొమ్మ రైలు

మా ఐటీ వాళ్లు రోజూ తినే తిండి ఓపెన్‌సోర్స్. దాన్ని చట్టపరంగా గట్టిపరిచిన పెద్ద కేసుల్లో ఒకటి బొమ్మ రైళ్లదే అంటే చాలామంది నమ్మరు.

కాలిఫోర్నియాలోని బర్కిలీలో భౌతికశాస్త్రవేత్త రాబర్ట్ జేకబ్సెన్, తోటి అభిమానులతో కలిసి జేఎంఆర్ఐ అనే సాఫ్ట్‌వేర్ రాశారు. కంప్యూటర్ నుంచి రైళ్లు నడిపే ప్రోగ్రామ్. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. షరతల్లా రాసినవాళ్ల పేరు ఉంచాలి, మార్పులేం చేశారో చెప్పాలి. ఇదే రంగంలో ఉన్న ఓ కంపెనీ తన పేటెంటును వాడారంటూ ఆయనకు 2 లక్షల డాలర్లు దాటిన బిల్లు పంపింది. మరోపక్క జేఎంఆర్ఐ ఫైళ్లను ఆ పేర్లు తీసేసి తన ప్రోడక్టులో వాడుకుంది.

జేకబ్సెన్ 2006లో కోర్టుకెళ్లారు. కింది కోర్టు ఇది కాపీరైట్ ఉల్లంఘన కాదు, మహా అయితే ఒప్పందం తప్పడం అంది. అదే నిలిచి ఉంటే ఉచితంగా కోడ్ ఇచ్చేవాళ్ల చేతిలో గట్టి ఆయుధం మిగిలేది కాదు. 2008 ఆగస్టులో అప్పీలు కోర్టు ఆ మాటను తిప్పికొట్టింది. డబ్బు తీసుకోనంత మాత్రాన షరతులకు విలువ పోదని, వాటిని తప్పితే కాపీరైట్ కింద పట్టుకోవచ్చని తేల్చింది. 2010లో రాజీ కుదిరి, ఎదుటి పక్షం లక్ష డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. సాయంత్రాల సరదా కోసం రాసిన కోడ్ అందరి కోడ్‌కీ కాపలా కాసింది.

ఇంతకీ ఎలా మొదలెట్టాలి?

సేకరణ జ్వరం తెలిసి తగిలించుకోండి. జర్మన్ కంపెనీ మార్క్‌లిన్ 1891లోనే పట్టాల కొలతలకు ప్రమాణాలు పెట్టి, ఒకసారి సెట్టు కొన్నవాళ్లు ఏటా ఇంకొంత కలుపుకునే దారి వేసింది. ఈ ఏడు ఇంజిన్, వచ్చే ఏడు వంతెన. బయటి దేశాల నుంచి తెప్పించుకుంటే కొరియరూ, కస్టమ్స్ డ్యూటీ కూడా కలుస్తాయి. కాబట్టి డబ్బాలు పేర్చకముందే ఒక చిన్న గుండ్రం పూర్తిచేయండి. ఎన్ స్కేలులో చిన్న వంపు వ్యాసార్థం 25 సెంటీమీటర్లు. 60 సెంటీమీటర్ల వెడల్పున్న బల్ల చాలు.

కొండకు థర్మకోల్. మట్టికి వాడేసి ఎండబెట్టిన టీ పొడి. పట్టాల మధ్య కంకరకు జల్లించిన ఇసుక. ఫెవికాల్‌లో నీళ్లు కలిపి, అంట్లు తోమే లిక్విడ్ ఒక చుక్క వేస్తే ఇసుకలోకి చక్కగా ఇంకుతుంది. పట్టాల మీద దుమ్ము పేరుకుంటే రైలు ఆగిపోతుంది, వారానికోసారి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. ఆర్డువీనో తెలిసినవాళ్లకు డీసీసీ-ఈఎక్స్ అనే ఓపెన్‌సోర్స్ ప్రాజెక్టు ఉంది. బోర్డుకు మోటార్ షీల్డ్ తగిలిస్తే కంట్రోలర్ రెడీ. ఆండ్రాయిడ్ ఫోన్‌లో ‘ఇంజిన్ డ్రైవర్’ యాప్ వేసుకుంటే థ్రాటిల్ మీ చేతిలోనే. అడాప్టర్ మాత్రం మంచిది కొనండి, గోడ ప్లగ్గు కరెంటుతో ప్రయోగాలు వద్దు.

కళ్లారా చూడాలంటే పుణె కోథ్రుడ్‌లో జోషీ మినియేచర్ రైల్వే మ్యూజియం ఉంది, 1998 నుంచి నడుస్తోంది. షోలో రైళ్లు చూసి చప్పట్లు కొట్టండి. అయ్యాక మాత్రం ఒకసారి వంగి, బల్ల కిందకి తొంగి చూడండి.