చెరిపితే వచ్చే రంగు

హైదరాబాద్‌లో చార్మినార్ దగ్గరి ముర్గీచౌక్‌లోనే కాదు, ఏ ఊరి పెంపుడు పిట్టల కొట్టులో చూసినా కొర్రలు ఒలుచుకు తింటూ కిచకిచలాడే బుల్లి పిట్టల పంజరం ఒకటి కనిపిస్తుంది. అందులో ఎక్కువ భాగం జీబ్రా ఫించ్‌లు. పుట్టిల్లు ఆస్ట్రేలియా, బరువు ఇంచుమించు 12 గ్రాములు. అక్కడి పచ్చిక బయళ్లలో తిరిగే మగపిట్టకు బూడిదరంగు వీపు, నారింజరంగు చెంపలు, రొమ్ము మీద సన్నని నల్లచారలు ఉంటాయి. కొట్టులో మాత్రం అచ్చంగా తెల్లనివి, లేత గోధుమరంగువి, వెండిరంగువి, మచ్చలవి, తలమీద తురాయి ఉన్నవి ఒకే కొమ్మ మీద కూర్చుంటాయి. అన్నీ ఒకే జాతి. చూసేవారికి ఇవన్నీ కొత్తగా పుట్టిన రంగుల్లా అనిపిస్తాయి గానీ, దాదాపు ప్రతిసారీ జరిగింది ఉన్న రంగొకటి పోవడమే.

పిట్ట ఈకకు రంగు మూడు దారుల్లో వస్తుంది. నలుపు, గోధుమ, బూడిద రంగులనిచ్చే మెలనిన్‌ను శరీరమే తయారుచేసుకుంటుంది. పసుపు, నారింజ, ఎరుపు రంగులకు మూలమైన కెరోటినాయిడ్లను మాత్రం తయారుచేసుకోలేదు. గింజలోంచో ఆకులోంచో తెచ్చుకోవలసిందే. నీలం సంగతి వేరు. అక్కడ నీలిరంగు పదార్థమే ఉండదు. ఈక లోపలి సూక్ష్మనిర్మాణం వెలుతురును చెదరగొట్టే తీరు వల్ల మన కంటికి నీలం కనిపిస్తుంది. దాని మీద పసుపు పరుచుకుంటే ఆకుపచ్చ. మచిలీపట్నం కలంకారీలో ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు వేసినట్టు, ఇక్కడ ఒక్కో మెట్టు దగ్గర ఒక్కో జన్యువు పనిచేస్తుంది. ఒక అచ్చు తప్పిస్తే మిగిలిన బట్ట వేరే బట్టలా కనిపిస్తుంది.

ఆకుపచ్చ వీపున్న గౌల్డియన్ ఫించ్‌లో పసుపు పోతే నీలి గౌల్డియన్ వస్తుంది. దానికి ధర ఎక్కువ పలుకుతుంది. కానీ ఆ నీలం మామూలు పిట్టలోనూ ఉన్నదే, పసుపు కింద దాగి ఉందంతే.

పోయిన రంగును వరస తప్పకుండా మళ్లీ మళ్లీ రప్పించడమే పెంపకందారు పని. అందులో సగం లెక్కలే. మనుషుల్లో మగవాడికి ఎక్స్, వై క్రోమోజోములు ఉంటాయి కదా, పిట్టల్లో ఇది తిరగబడి ఉంటుంది. మగదానికి రెండు జెడ్‌లు, ఆడదానికి ఒక జెడ్, ఒక డబ్ల్యూ. జీబ్రా ఫించ్‌లో గోధుమరంగు, అంటే పెంపకందారులు ఫాన్ అని పిలిచే రంగు, జెడ్ మీద ఉంటూ, మామూలు ప్రతి తోడుంటే పైకి కనిపించని అంతర్గత లక్షణం. ఫాన్ మగదానికి మామూలు బూడిదరంగు ఆడదాన్ని జతచేస్తే పుట్టిన ఆడపిల్లలన్నీ ఫాన్ అవుతాయి, మగపిల్లలన్నీ బూడిదరంగులోనే ఉంటాయి. గూట్లోంచి పిల్లలు బయటికి రాకముందే ఏది ఆడో ఏది మగో ఈకల రంగు చెప్పేస్తుంది. ఆ బూడిదరంగు కొడుకులు పైకి మామూలువే అయినా లోపల ఫాన్‌ను మోస్తుంటాయి. పిట్టల వాళ్ల భాషలో అవి స్ప్లిట్లు. ఆడపిట్టకు ఒక్కటే జెడ్ కాబట్టి ఈ రంగును దాచుకునే వీలు లేదు. ఆడ ఫాన్ స్ప్లిట్ అని చెప్పి ఎవరైనా అమ్మజూపితే అది మాయమాటే.

తెలుపు, పైడ్ అనే మచ్చల రకం జెడ్ మీద ఉండవు. వాటి లెక్క మెండెల్ బఠాణీల లెక్కే. రెండు స్ప్లిట్ల జంటకు పుట్టే పిల్లల్లో సగటున నాలుగింట ఒకటి తెల్లగా వస్తుంది. మిగతా మూడింటిలో రెండు స్ప్లిట్లు, ఒకటి కాదు. ఏవి ఏవో కంటితో చూసి చెప్పలేరు. తెల్లపిట్టతో జతకట్టించి పిల్లలు వచ్చేదాకా ఆగాలి. ఆ తెల్లపిట్ట తరచుగా తోబుట్టువే అవుతుంది. మూడు నెలలకే ఈడుకొచ్చి, విడతకు నాలుగు నుంచి ఆరు గుడ్లు పెట్టే పిట్ట కాబట్టి రెండు మూడేళ్లలోనే ఒక కుటుంబం మొత్తం తన చుట్టూ తానే అల్లుకుపోతుంది. అప్పుడు గుడ్లు పొదగవు, పిల్లలు చిక్కిపోతాయి, రంగుతోపాటు దాగి ఉన్న ఇతర లోపాలూ బయటపడతాయి. అనుభవం ఉన్నవాళ్లు మధ్యమధ్యలో సంబంధం లేని దృఢమైన మామూలు బూడిదరంగు పిట్టను తెచ్చి కలిపేది అందుకే. ఆ ఏడాది అమ్మకానికి పనికొచ్చే రంగు ఒక్కటీ రాకపోవచ్చు. తొందరపడేవాళ్లు ఆ ఏడాదిని ఓర్చుకోలేరు.

తురాయి పిట్టల లెక్క ఇంకా కఠినం. తురాయి బహిర్గత లక్షణం, అంటే ఒక్క ప్రతి ఉంటే చాలు. కానీ తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చి రెండు ప్రతులు కలిస్తే పిండం బతకదు. తురాయి ఉన్న రెంటిని జతచేస్తే గుడ్లలో పావు వంతు అలా పోతాయి. తురాయి లేనిదాన్ని జతచేస్తే పిల్లల్లో సగానికి తురాయి వస్తుంది, ఏ గుడ్డూ ఈ కారణంగా పాడవదు. గుడ్ల లెక్కన చూస్తే రెండు దారుల్లోనూ తురాయి పిల్లలు సరిగ్గా సగమే. అంతా తెలిసీ మొదటి దారి పట్టేవాళ్లున్నారు.

రంగు పోవడం ఒక్కోసారి ఈకతో ఆగదు. పంజరాల్లో పెంచే కెనరీ పిట్టల్లో అంతర్గత తెల్లరకం ఉంది. దాని పేగులు కెరోటినాయిడ్లను లోనికి తీసుకోలేవు, కారణం స్కార్బ్1 అనే జన్యువులోని లోపం. విటమిన్ ఏ తయారయ్యేది కెరోటినాయిడ్ల నుంచే కాబట్టి ఆ పిట్టకు జీవితాంతం మేతలో విటమిన్ కలిపి ఇవ్వాలి. అంత తెల్లదనం వెనక రోజూ ఒక మందు సీసా ఉంటుంది.

మనిషి చేయి పడకుండానే రంగులు చీలిన పిట్ట గౌల్డియన్. ఉత్తర ఆస్ట్రేలియాకు చెందిన దీనికి పక్షిశాస్త్రవేత్త జాన్ గౌల్డ్ 1841లో చనిపోయిన తన భార్య, చిత్రకారిణి ఎలిజబెత్ పేరు పెట్టాడు. అడవిలో ఒకే గుంపులో నల్లతలవి, ఎర్రతలవి కలిసి ఉంటాయి. నల్లతలవే ఎక్కువ, పసుపుతల అత్యంత అరుదు. ఎరుపో నలుపో తేల్చే చోటు జెడ్ క్రోమోజోము మీద ఫోలిస్టాటిన్ అనే జన్యువు పక్కన ఉందని 2018, 2019లలో రెండు పరిశోధక బృందాలు గుర్తించాయి. పసుపు వేరే జన్యువు పని. అందుకే నల్లతల పిట్టలోనూ అది దాగి ఉండగలదు, కానీ ముక్కు కొన పట్టిస్తుంది. ఎర్రగా ఉండవలసిన కొన పసుపుగా ఉంటే లెక్క తేలిపోతుంది.

ఈ తలల రంగు అలంకారం మాత్రమే కాదు. ఎర్రతలవి జగడాలమారివి. సారా ప్రైక్, సైమన్ గ్రిఫిత్ ప్రయోగాల్లో వేర్వేరు తలరంగుల జంటలకు పుట్టిన పిల్లల్లో, ముఖ్యంగా కూతుళ్లలో, చావులు బాగా ఎక్కువగా కనిపించాయి. ఆశ్చర్యపరిచేది తల్లి తీరు. తనకు సరిపోని జోడు దొరికినప్పుడు అది పదింట ఎనిమిది వరకు కొడుకులనే కంటుంది. ఎర్రతల మగదానికి నల్లరంగు పూసి చూపించినా తల్లి లెక్క మారిపోయిందని 2009లో వాళ్లు ప్రకటించారు.

ఆస్ట్రేలియా 1960లోనే దేశీయ పక్షుల ఎగుమతిని ఆపేసింది. నేడు బయటి దేశాల్లో పెరిగే గౌల్డియన్లు పంజరాల్లో తరతరాలుగా పుట్టినవే. మన దేశపు మునియా పిట్టల గతి ఇంత మెరుగ్గా లేదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం కాదన్నా వాటిని పొలాల్లో వలేసి పట్టి, పచ్చరంగో పసుపో పులిమి విదేశీ పిట్టలని అంటగట్టేవాళ్లున్నారు. ఈకలు మార్చుకునే కాలం రాగానే ఆ రంగు రాలిపోతుంది.

మరి కొత్త రంగు చేర్చడం అసలు సాధ్యమేనా? 1920లలో జర్మనీలోని బ్రెమెన్‌లో హాన్స్ డంకర్ అనే బడిపంతులు ఆ పనికే పూనుకున్నాడు. కెనరీకి ఎరుపు లేదు. వెనిజులా ప్రాంతపు రెడ్ సిస్కిన్‌కు ఉంది. రెంటినీ జతచేసి, వాటికి పుట్టిన మగపిల్లలను మళ్లీ కెనరీలతో కలిపాడు, ఎందుకంటే సంకర ఆడపిల్లలు చాలావరకు గొడ్డువి. వచ్చిన పిట్టలు నారింజరంగు దగ్గరే ఆగిపోయాయి. డంకర్‌కు జన్యువుల మీద ఉన్న నమ్మకం మేత మీద లేకపోయింది. అదే మనిషి తర్వాత మనుషులకూ ఇదే లెక్క వర్తిస్తుందని నమ్మి జాతిశుద్ధి రాతలు రాశాడు. కెరోటినాయిడ్లున్న మేత పెడితేనే సిస్కిన్ జన్యువు ఎరుపును పండిస్తుందని తేలడానికి మరికొన్ని దశాబ్దాలు పట్టింది. ఈకలు మార్చుకునే వారాల్లో ఎర్ర కెనరీలకు ప్రత్యేకమైన మేత ఇవ్వడం నేటికీ అందుకే.

ఆ జన్యువు ఏదో 2016లో తెలిసింది. పేరు సీవైపీ2జె19. పసుపు కెరోటినాయిడ్‌ను ఎరుపుగా మార్చే ఎంజైమును అది తయారుచేస్తుంది. అదే సమయంలో మరో బృందం జీబ్రా ఫించ్‌ల మీద పనిచేస్తూ అక్కడికే చేరింది. మగ జీబ్రా ఫించ్ ముక్కు ఎర్రగా ఉంటుంది. పెంపకందారుల పంజరాల్లో పుట్టిన పసుపుముక్కు రకంలో దెబ్బతిన్నది సరిగ్గా ఆ జన్యువున్న గుంపే. ఒక పిట్టలో పోయినదీ, మరో పిట్టలోకి అరువు వచ్చినదీ ఒకటే. ఈ జన్యువు కంటి రెటీనాలోనూ పనిచేస్తుంది, ఎరుపును గుర్తించే కణాల్లోని ఎర్రని నూనె బిందువులు దాని చలవే.

తరతరాలుగా కెనరీలతో కలుపుతూ రావడంతో ఎర్ర కెనరీలో సిస్కిన్ వంతు ఈ జన్యువున్న ముక్క, ఇంకొక చిన్న ముక్క మాత్రమే మిగిలాయి. ఆ సంకరం కోసం, పంజరాల కోసం దశాబ్దాలపాటు పట్టుబడ్డ రెడ్ సిస్కిన్ నేడు అంతరించిపోతున్న జాతుల ప్రపంచ జాబితాలో ఉంది. వెనిజులా, కొలంబియాల్లో మిగిలినవాటితోపాటు 2000లో గయానాలో కనిపించిన ఒక గుంపు మీదే దాని ఆశ నిలిచి ఉంది.