కోనసీమ టూర్ ప్లాన్ చేస్తున్నారా? బోటు ఎక్కేముందు, పులస ఆర్డర్ ఇచ్చేముందు ఇవి తెలుసుకోండి!

ఒకవైపు గౌతమి, మరోవైపు వశిష్ఠ, మధ్యలో వైనతేయ, కింద బంగాళాఖాతం. నాలుగు వైపులా నీళ్లు, ఎటు చూసినా కొబ్బరి చెట్లు. అదే కోనసీమ. 2022 ఏప్రిల్ 4న అమలాపురం కేంద్రంగా ప్రత్యేక జిల్లా అయ్యాక ఇటువైపు వచ్చే టూరిస్టుల ఆసక్తి ఇంకా పెరిగింది. హౌస్‌బోటులో ఒక రోజు, నది ఒడ్డున చేపల పులుసుతో భోజనం, సాయంత్రం బీచ్. రీల్స్‌లో చూస్తే ఇంతే. కానీ పిల్లలు, పెద్దవాళ్లతో వెళ్లేటప్పుడు అసలు ప్లానింగ్ హోటల్ బుకింగ్‌తో కాదు, గోదావరి నీటిమట్టంతో మొదలవ్వాలి. ఎందుకో చూద్దాం.

ఎప్పుడు వెళ్లాలి?

నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకు బెస్ట్ టైమ్. నది నెమ్మదిగా ఉంటుంది, ఉక్కపోత తక్కువ. సంక్రాంతి రోజుల్లో సందడి మామూలుగా ఉండదు. కనుమ రోజు అంబాజీపేట మండలం జగ్గన్నతోటలో జరిగే ప్రభల తీర్థం చూసి తీరాల్సిందే. అయితే ఆ వారం రూములు దొరకవు, రేట్లు పెరుగుతాయి, రోడ్లన్నీ జామ్. ప్రశాంతంగా బోటింగ్ చేయాలనుకునేవాళ్లు సంక్రాంతి అయ్యాక వెళ్లడం మంచిది. భీష్మ ఏకాదశికి అంతర్వేదిలో స్వామివారి రథోత్సవం జరుగుతుంది. అప్పుడు కూడా జనం విపరీతంగా వస్తారు.

జులై నుంచి సెప్టెంబర్ వరకు గోదావరికి వరద సీజన్. విచిత్రం ఏంటంటే పులస దొరికేది కూడా అప్పుడే. అందుకే చాలామంది పులస కోసం వరదల్లో బయల్దేరి, పనిలో పనిగా బోటు కూడా ఎక్కేద్దాం అనుకుంటారు. ప్రమాదం అక్కడే ఉంది.

ఈ నంబర్లు గుర్తుపెట్టుకోండి: 11.75, 13.75, 17.75

ఇవి ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర వరద హెచ్చరిక స్థాయిలు. నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండోది, 17.75 అడుగులకు మూడోది ఇస్తారు. మొదటి హెచ్చరిక అంటే దాదాపు 10 లక్షల క్యూసెక్కులు సముద్రంలోకి వెళ్తున్నట్టు లెక్క. 2022 జులై వరదల్లో 25 లక్షల క్యూసెక్కులు దాటి ప్రవహించింది. లంక గ్రామాలు మునిగిపోయాయి.

బ్యారేజీ దాటిన నీళ్లు వెళ్లేది గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయల్లోకే. అంటే మీరు దిండిలో ఎక్కే బోటు కింద ఉండేది కూడా ఆ నీళ్లే. అమలాపురంలో ఎండ కాస్తోంది, చినుకు లేదు కాబట్టి సేఫ్ అనుకుంటే పొరపాటు. వాన పడేది ఎక్కడో ఎగువన. భద్రాచలంలో గోదావరి పెరుగుతోందని టీవీలో స్క్రోలింగ్ వస్తుంటే, ఆ నీరు ఆ తర్వాత కిందికే వస్తుంది. మొదటి హెచ్చరిక ఉందంటే బోటింగ్ ఆలోచన పూర్తిగా మానుకోండి. హెచ్చరిక లేకపోయినా నీళ్లు ఎర్రగా, సుడులు తిరుగుతూ కనిపిస్తే ఒడ్డునే ఉండిపోవడం మేలు.

రెండు ప్రమాదాలు చెప్పిన పాఠం

2018 జులై 14. కోనసీమలోనే పశువుల్లంక దగ్గర గౌతమి పాయలో విద్యార్థులతో వెళ్తున్న నాటు పడవ, కడుతున్న వంతెన పిల్లర్‌ను ఢీకొని బోల్తా పడింది. స్కూలు పిల్లలు గల్లంతయ్యారు. ఏడాది తిరిగాక 2019 సెప్టెంబర్ 15న పాపికొండల టూర్‌కు వెళ్తున్న రాయల్ వశిష్ఠ బోటు దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర మునిగింది. బోటులో 70 మందికి పైగా ఉన్నారు. బతికి బయటపడింది 26 మంది. నది అడుగున ఉండిపోయిన బోటును ధర్మాడి సత్యం బృందం అక్టోబర్ 22న బయటకు తీసింది.

ఆ కుటుంబాలు కూడా ఆదివారం సరదాగా గడపడానికే వెళ్లాయి. రెండు ఘటనలూ వరద నెలల్లోనే జరిగాయి. భయపెట్టడానికి కాదు, తేదీలు ఎంచుకునేటప్పుడు గుర్తుండాలనే ఈ విషయం చెబుతున్నాం.

బోటు ఎక్కేముందు అడగాల్సిన 5 విషయాలు

1. సర్టిఫికెట్: 2021 నాటి ఇన్‌ల్యాండ్ వెసెల్స్ చట్టం ప్రకారం ఇంజిన్ బోట్లకు సర్వే, రిజిస్ట్రేషన్, బీమా ఉండాలి. చూపించమని అడగడానికి మొహమాటం వద్దు.

2. కెపాసిటీ: ఎంతమందిని ఎక్కించొచ్చో అడగండి, ఎక్కాక తలకాయలు లెక్కపెట్టండి. ‘ఇంకో ఇద్దరే కదా’ అంటే దిగిపోండి.

3. లైఫ్ జాకెట్: పక్కన పెట్టుకోవడానికి కాదు, వేసుకుని బకిల్ పెట్టుకోవడానికి. పిల్లలకు పిల్లల సైజే కావాలి. పెద్దల జాకెట్ వేస్తే నీళ్లలో పడినప్పుడు పైకి జారిపోతుంది. భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. గడ్డం దాటి వస్తే అది సరిపోనట్టే.

4. టైమ్: చీకటి పడకముందే ఒడ్డుకు చేరేలా చూసుకోండి. హౌస్‌బోటులో నైట్ స్టే అయితే రాత్రి ఎక్కడ లంగరు వేస్తారో ముందే అడగండి.

5. సెల్ఫీ: అందరూ ఫొటో కోసం ఒకే వైపుకు వెళ్తే చిన్న బోటు ఒరిగిపోతుంది. డాల్ఫిన్ కనిపించినా సరే, కూర్చునే చూడండి.

ఎక్కడికి వెళ్లాలి? రెండు రోజుల ప్లాన్

మొదటి రోజు: రాజమండ్రి వరకు రైలు లేదా ఫ్లైట్. అక్కడి నుంచి రావులపాలెం మీదుగా కారులో వస్తే దారిలోనే ఆత్రేయపురం మండలంలోని ర్యాలి జగన్మోహినీ కేశవస్వామి ఆలయం చూడొచ్చు. పక్కనే ఆత్రేయపురం. అక్కడి పూతరేకులకు 2023లో జీఐ గుర్తింపు వచ్చింది. మధ్యాహ్నానికి అంబాజీపేట, సాయంత్రానికి వైనతేయ ఒడ్డున అప్పనపల్లి బాలబాలాజీ దర్శనం. రాత్రి బస రాజోలు వైపు దిండిలో. వశిష్ఠ ఒడ్డున టూరిజం శాఖ రిసార్ట్ ఉంది, హౌస్‌బోట్లు తిరిగేది ఇక్కడే. బోట్లు నడుస్తున్నాయా లేదా అన్నది బయల్దేరే రోజు ఉదయం కూడా ఫోన్ చేసి కన్‌ఫర్మ్ చేసుకోండి. పాలకొల్లు వరకు రైల్లో వచ్చేవాళ్లకు చించినాడ వంతెన దాటితే దిండి.

రెండో రోజు: ఉదయాన్నే బోటింగ్. గాలి తక్కువగా ఉంటుంది, పిల్లలకు ఎండ తగలదు. తర్వాత అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి ఆలయం, వశిష్ఠ సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు. అటు నుంచి నరసాపురం వెళ్లాలంటే సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కొచ్చు. కారు కూడా ఎక్కిస్తారు, పిల్లలకు మంచి సరదా. వరద ఉంటే పంటు ఆపేస్తారు, అప్పుడు చించినాడ వంతెనే దారి. బీచ్ కోసం అల్లవరం మండలం ఓడలరేవు లేదా ఉప్పలగుప్తం మండలం ఎస్.యానాం.

ఒక్క జాగ్రత్త. నది సముద్రంలో కలిసే మొగ దగ్గర స్నానాలు వద్దే వద్దు. నీళ్లు వెనక్కి వెళ్లే ఆటు సమయంలో మోకాలి లోతు ఉన్నచోటే కాసేపటికి లోపలికి లాగేస్తుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఆటుపోట్లు ఇంకా ఎక్కువ. ఎక్కడ దిగొచ్చో అక్కడి మత్స్యకారులను అడగండి, వాళ్లకు తెలిసినంత గూగుల్ మ్యాప్‌కు తెలియదు.

నది ఒడ్డున భోజనం: ఏం తినాలి?

‘పుస్తెలు అమ్మైనా పులస తినాలి’ అంటారు కదా. సముద్రంలో ఉండే ఇలస, గుడ్లు పెట్టడానికి వరదల్లో గోదావరికి ఎదురీదుతూ వస్తేనే పులస. కాబట్టి డిసెంబర్‌లో మెనూలో ‘ఫ్రెష్ పులస’ అని కనిపిస్తే డబ్బులు పెట్టేముందు ఆలోచించండి. వేరే చోట్ల నుంచి వచ్చే ఇలసను పులస పేరుతో అమ్మడం మామూలే.

శీతాకాలంలో వెళ్లేవాళ్లు నిరాశపడక్కర్లేదు. పండుగప్ప, చందువ, రొయ్యల ఇగురు, పీతల పులుసు ఉంటాయి. వేసవి మొదట్లో అయితే చింతచిగురు రొయ్యలు. వెజిటేరియన్లకు పనసపొట్టు కూర, ఉదయం టిఫిన్‌కు అంబాజీపేట వైపు పనసాకుల బుట్టల్లో ఉడికించే పొట్టిక్కలు. చేప బరువును బట్టి బిల్లు వేసేచోట కోయకముందే తూకం, రేటు అడిగేయండి. బోటులో భోజనం కావాలంటే ముందు రోజే చెప్పాలి. పిల్లలకు కారం తగ్గించమని ప్రత్యేకంగా చెప్పండి, ఇక్కడి పులుసు ఘాటుగానే ఉంటుంది.

చివరగా

అత్యవసరమైతే 112, అంబులెన్స్‌కు 108, విపత్తుల నిర్వహణ సంస్థకు 1070. ఇవి ఫోన్‌లో సేవ్ చేసుకోండి. టికెట్లు బుక్ చేసేటప్పుడే ఇంట్లో ఒక మాట అనుకోండి: ఆ రోజు నది బాగోలేకపోతే బోటు ఎక్కం, ఒడ్డున కూర్చుని కొబ్బరి బొండాం తాగి, పులుసు తిని వచ్చేస్తాం. బోటు డబ్బులు పోయినా పర్వాలేదు, గోదావరి ఎక్కడికీ పోదు. మళ్లీ రావొచ్చు.