జపాన్ ఖడ్గం: సంతకం కన్నా ముందు ఉక్కు

సుమారు పదో శతాబ్దం నుంచి జపాన్‌లో రూపుదిద్దుకున్న వంపు ఖడ్గానికి కాలం, పుట్టిన ఊరు, కర్త నిర్ణయించే నిపుణులు దానిపై చెక్కిన పేరును చిట్టచివరనే చదువుతారు. పేరు ఎవరైనా చెక్కగలరు గాని, ఉక్కు లోపలి నిర్మాణాన్ని అనుకరించడం బహు కష్టం.

ఇనుప ఇసుకను బొగ్గుతో పాటు తతారా అనే మట్టి కొలిమిలో మూడు పగళ్లు, మూడు రాత్రులు కాల్చగా ఏర్పడిన ముద్ద నుంచి ఏరిన మేలైన ఉక్కును తమహగానె అంటారు. తెలంగాణలోని కోనసముద్రం కమ్మరులు ఉక్కును మూసలో కరిగించి తీసేవారు. తతారాలో మాత్రం లోహం పూర్తిగా కరగదు కనుక కర్బనం ఒక్కతీరుగా పరచుకోదు. దానిని సాగగొట్టి, మడిచి, మళ్లీ అతికే పనిని కమ్మరి పలుమార్లు చేస్తే మలినాలు తొలగి కర్బనం సర్దుకుంటుంది. ఆ పొరలే సానబట్టిన అలుగుపై కొయ్య చారల్లా కనబడతాయి.

అసలు కౌశలం పానం పట్టడంలో, అంటే కాల్చిన అలుగును నీట ముంచి గట్టిపరచడంలో ఉంది. బంకమట్టి, బొగ్గుపొడి, సానరాతి పొడి కలిపిన పూతను వెన్నుకు మందంగా, అంచుకు పలుచగా పట్టించి, ఎర్రగా కాల్చి ముంచినప్పుడు అంచు క్షణాల్లో చల్లబడి మార్టెన్‌సైట్ అనే అతి కఠిన రూపం పొందుతుంది. నిదానంగా చల్లారే వెన్ను మెత్తని పెర్లైట్‌గా మిగిలి దెబ్బను ఓర్చుకుంటుంది. మార్టెన్‌సైట్ పరిమాణం పెరుగుతుంది కాబట్టి అలుగు వంపు కూడా అప్పుడే అధికమవుతుంది. గట్టి అంచుకు, మెత్తని వెన్నుకు మధ్యనున్న సరిహద్దును హామోన్ అంటారు. అక్కడ స్ఫటిక కణాలు విడివిడిగా మెరిస్తే నియె, పొగమంచులా పరచుకుంటే నియోయ్. బిజెన్ ప్రాంతపు ఒసఫునె కమ్మరుల హామోన్‌లో లవంగ మొగ్గల వంటి అలలు, నియోయ్ ప్రసిద్ధం. కామకురాకు చెందిన మసమునె సంప్రదాయానికి గుర్తు దట్టమైన నియె. అందరికన్నా మిన్నగా కొనియాడబడే ఈ మసమునె తన కత్తులపై పేరు చెక్కడం బహు అరుదు కనుక, ఆయన కృతులను గుర్తించడానికి ఉక్కే ప్రధాన ఆధారం.

పిడిలో దాగే భాగం నకగో. సానరాయి తగలని ఆ చోట శతాబ్దాల తుప్పు నల్లగా, నున్నగా పేరుకుంటుంది. తర్వాత చెక్కిన దొంగ పేరు ఆ తుప్పును తెంచడం వల్ల తరచూ బయటపడుతుంది. పొడవైన పాత కత్తులను నకగో వైపు నుంచే కురచ చేసేవారు. దానితో అసలు సంతకాలు పోయాయి. అందువల్ల పేరు లేని కత్తి తక్కువదనడం పొరపాటు.

విలువ కట్టే ఈ విద్యను తరతరాలుగా నిలిపిన హోనామి వంశం, షోగున్ యోషిమునె ఆజ్ఞపై 1719లో ప్రఖ్యాత ఖడ్గాల పట్టికను సమర్పించింది. 1876లో ఖడ్గధారణపై నిషేధం వచ్చి కమ్మరుల జీవనోపాధి కుంగింది. 1945 తర్వాత ఆక్రమణ సైన్యం అసంఖ్యాకంగా కత్తులను స్వాధీనం చేసుకుంది. కళాఖడ్గాల రక్షణకు 1948లో ఏర్పడిన సంఘం నేటికీ పరీక్షించి యోగ్యతా పత్రాలిస్తోంది; 1977లో అదే సంఘం షిమానె ప్రాంతంలో తతారాను తిరిగి వెలిగించింది.

పాత జపాన్ ఖడ్గం ఎవరి చేతికి వచ్చినా నకగో తుప్పును గీకరాదు, మెరుగుకోసం అలుగును సొంతంగా రుద్దరాదు. అరిగిన ఉక్కు తిరిగి రాదు. తుప్పు పోతే కాలాన్ని నిర్ణయించే ముఖ్యమైన ఆధారమూ పోతుంది. శిక్షణ పొందిన సానకారుడికి అప్పగించేవరకు పలుచగా నూనె రాసి భద్రపరచడమే సేకర్త చేయవలసిన పని.