పద్దెనిమిదేళ్ళప్పుడు ఏమనుకున్నారు?

అమెరికాలో పాత పుస్తకాల దుకాణాల్లో, ఊరి గ్రంథాలయాల్లో అట్టలు నలిగిన ఇయర్‌బుక్కులు ఇప్పటికీ కనిపిస్తాయి. హైస్కూలు ఆఖరి తరగతి పూర్తయ్యే ఏడాది పిల్లలే కూర్చుకుని అచ్చు వేయించుకున్న పుస్తకాలవి. 1920లు, 30ల నాటి సంచిక తెరిస్తే ఒక్కో విద్యార్థికి తపాలాబిళ్ళకన్నా కాస్త పెద్ద ఫొటో, పేరు, స్నేహితులు పెట్టిన ముద్దుపేరు, ఆడిన ఆటలు, వేసిన నాటకాలు ఉంటాయి. ఆ కింద స్వభావం గురించి ఒక్క ముక్క ఉంటుంది. నెమ్మదస్తుడనో, నవ్వితే వరండా అంతా వినిపిస్తుందనో, ఇచ్చిన మాట తప్పదనో రాస్తారు. చాలా పుస్తకాల్లో దాని తర్వాత ఇంకో మాట కూడా చేరుస్తారు. అది ఆశయం.

మన దగ్గర స్కూలు ఫైనలు రోజుల్లో చేతులు మారిన ఆటోగ్రాఫ్ పుస్తకాలకు ఇవి దగ్గరి చుట్టాలే. అమెరికాలోనూ ఇయర్‌బుక్కులకు ముందు నడిచింది ఆటోగ్రాఫ్ ఆల్బంలే. కాకపోతే ఆటోగ్రాఫ్ పుస్తకం ఒక్కరి సొంతం, ఇయర్‌బుక్కు తరగతి మొత్తానిది. పద్దెనిమిదేళ్ళ వయసులో ఎవరేం కావాలనుకున్నారో ఊరంతటికీ తెలిసేలా అచ్చులో నిలిచిపోయేది.

ఆ పుటల్లో చోటు దొరకడమే ఒకప్పుడు గొప్ప. 1910లో అమెరికా యువతలో హైస్కూలు పూర్తి చేసినవారు నూటికి 9 మంది మాత్రమే. 1940కల్లా సగం మందికి పైగా పూర్తి చేస్తున్నారు. ముప్పై ఏళ్ళలో ఇంత మార్పు రావడానికి కారణం ఊళ్ళే. చిన్న చిన్న పట్టణాలు తమ మీద తామే పన్ను వేసుకుని బడులు కట్టుకున్నాయి. ఆఫీసులు, దుకాణాలు, ఫ్యాక్టరీలు లెక్క రాయగలిగిన, ఉత్తరం టైపు చేయగలిగిన మనుషుల కోసం చూస్తున్న కాలమది. రాబర్ట్ లిండ్, హెలెన్ లిండ్ దంపతులు 1924, 25లలో ఇండియానా రాష్ట్రంలోని మన్సీ అనే పట్టణంలో మకాం పెట్టి, ఆ ఊరి జీవితాన్ని 'మిడిల్‌టౌన్' పేరుతో పుస్తకంగా రాశారు. 1890లో ఆ ఊరి హైస్కూలు నుంచి బయటికొచ్చిన పట్టభద్రులు 14 మంది. 1924లో 236 మంది. ఊరు కూడా పెరిగింది గానీ, ఈ పెరుగుదలకు అదొక్కటే కారణం కాదు. పనివాళ్ళ ఇళ్ళలో తల్లిదండ్రులు, తమలాంటి బతుకు పిల్లలకు వద్దని గట్టిగా అనుకున్నారు. చదువు మీద వాళ్ళు పెట్టుకున్న నమ్మకం ఆ పుస్తకం చదువుతుంటే మనసుకు తగులుతుంది.

అలా ఇరవై ముప్పై మంది ఉండే చివరి తరగతి రెండు మూడు వందలకు పెరిగాక, ప్రతి మనిషికీ ఒక గుర్తు కావలసి వచ్చింది. అందుకే ఓట్లు వేసుకుని బిరుదులు ఇచ్చుకునేవారు. అందరిలోకీ చక్కని నవ్వున్న అమ్మాయి, మంచి ఆటగాడు, జీవితంలో తప్పక పైకొచ్చే కుర్రాడు. ఇరవై ఏళ్ళ తర్వాత ఎవరెక్కడ ఉంటారో ఊహించి రాసే 'జోస్యం' కూడా ఉండేది. అల్లరిపిల్లాడు గవర్నరవుతాడు, సిగ్గరి అమ్మాయి న్యూయార్క్ నాటకశాలలో వెలుగుతుంది. సరదాకి రాసినవే అయినా, ఆ ఊరు దేన్ని గొప్ప అనుకునేదో అందులో తెలిసిపోతుంది. 1935లో చోట్ అనే ప్రైవేటు వసతి బడిలో పైకొచ్చే కుర్రాడిగా ఎన్నికైనవాడు జాన్ ఎఫ్. కెనెడీ. మార్కుల్లో 112 మందిలో అతనిది 64వ స్థానం. తోటివాళ్ళు మార్కులు చూసి కాదు, మనిషిని చూసి ఓటేశారు.

ఫొటోల్లోని ముఖాలకూ ఒక చరిత్ర ఉంది. 1905 నుంచి 2013 దాకా వచ్చిన హైస్కూలు ఇయర్‌బుక్కుల నుంచి సుమారు 38 వేల ఫొటోలు తీసుకుని కంప్యూటరు సాయంతో పరిశీలించిన బృందం 2015లో ఫలితాలు ప్రకటించింది. తొలి ఏళ్ళ పిల్లలు పెదవులు బిగించి గంభీరంగా కూర్చున్నారు. ఏళ్ళు గడిచేకొద్దీ నవ్వు విచ్చుకుంటూ వచ్చింది. ఏ దశాబ్దం తీసుకున్నా అబ్బాయిలకన్నా అమ్మాయిలే ఎక్కువగా నవ్వారు. ఫొటోలో ఎలా కనబడాలన్నది కూడా పిల్లలు ఒంటరిగా తేల్చుకున్న విషయం కాదన్నమాట.

ఆశయాల సంగతీ అంతే. అబ్బాయిల పేర్ల కింద ఇంజినీరు, డాక్టరు, విమానం నడపడం, తండ్రి పొలం, తండ్రి కొట్టు, సైన్యం కనిపిస్తాయి. అమ్మాయిల పేర్ల కింద స్టెనోగ్రాఫరు, నర్సు, టీచరు, పెళ్ళి. క్లాసులో ఎవరి తెలివి ఎంతైనా ఈ రెండు జాబితాలు పెద్దగా కలవవు.

రోనాల్డ్ రీగన్ 1928లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని డిక్సన్ హైస్కూలు పూర్తి చేశాడు. విద్యార్థి సంఘానికి అధ్యక్షుడు, ఫుట్‌బాల్ ఆటగాడు, నాటకాల్లో నటుడు. వేసవుల్లో నదిఒడ్డున కాపలా ఉండి 77 మందిని మునగకుండా కాపాడినట్టు లెక్క. అంత చురుకైనవాడు 1932లో, మహామాంద్యం నడుమ కాలేజీ ముగించి, సొంతూళ్ళో మాంట్‌గమరీ వార్డ్ దుకాణంలో క్రీడాసామగ్రి విభాగంలో ఉద్యోగానికి ప్రయత్నించాడు. అది వేరొకరికి పోయింది. ఆ తర్వాతే రేడియో వైపు మళ్ళాడు. కాలిఫోర్నియాలోని విట్టియర్‌లో 1930లో హైస్కూలు ముగించిన రిచర్డ్ నిక్సన్‌కు హార్వర్డ్‌లో చదివేందుకు ఫీజు సాయం అందే అవకాశం వచ్చింది. ఇంట్లో అన్నకు క్షయ. వైద్యం ఖర్చు ఒకవైపు, నాన్న కొట్టులో పని ఇంకోవైపు. నిక్సన్ ఊళ్ళోని కాలేజీలోనే చేరాడు. ఇద్దరూ దేశాధ్యక్షులయ్యారు కాబట్టి ఈ సంగతులు చరిత్రకెక్కాయి. డబ్బు లేకనో, ఇంట్లో జబ్బు వల్లనో ఊళ్ళోనే ఆగిపోయిన మిగతా పిల్లల ఊసు ఏ పుస్తకంలోనూ లేదు.

దగ్గర్లో హైస్కూలే లేని పిల్లలూ ఉన్నారు. 1918లో వెస్ట్ వర్జీనియాలో పుట్టిన కాథరిన్ జాన్సన్ ఉన్న జిల్లాలో నల్లజాతి పిల్లలకు ఎనిమిదో తరగతితో ప్రభుత్వ బడి ఆఖరు. తల్లిదండ్రులు పిల్లల్ని దూరాన ఉన్న ఇన్‌స్టిట్యూట్ అనే ఊళ్ళో పెట్టి హైస్కూలు చదివించారు. 14 ఏళ్ళకే హైస్కూలు, 18 ఏళ్ళకు కాలేజీ ముగించింది. లెక్కల్లో పరిశోధన చేయగల మనిషివి నువ్వు అని ఆమెతో మొదట అన్నది కాలేజీలో పాఠం చెప్పిన డబ్ల్యూ. డబ్ల్యూ. షీఫెలిన్ క్లేటర్. గణితంలో డాక్టరేటు సాధించిన తొలి నల్లజాతీయుల్లో ఆయన ఒకరు. అలాంటి ఉద్యోగం నల్లజాతి స్త్రీకి ఇచ్చేవాళ్ళు ఆనాడు దాదాపు లేరు. ఆమె టీచరైంది, పెళ్ళాడింది, పిల్లల్ని పెంచింది. 1953లో గానీ లాంగ్లీలోని వైమానిక పరిశోధన కేంద్రంలో కాలు పెట్టలేకపోయింది. అంతరిక్షయాత్రల లెక్కలు కట్టింది ఆ తర్వాతే.

కాలిఫోర్నియా ఎడారిలోని మాంజనార్‌లో, ముళ్ళకంచె లోపల కూడా ఒక హైస్కూలు నడిచింది. రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ మూలాలున్న అమెరికన్లను ప్రభుత్వం బంధించిన శిబిరాల్లో అదొకటి. అక్కడి విద్యార్థులు 1944లో 'అవర్ వరల్డ్' పేరుతో ఇయర్‌బుక్కు తెచ్చారు. అన్ని బడుల్లాగే క్లబ్బులు, నాటకాలు, ఆటల జట్లు, చివరి తరగతి ఫొటోలు. తామూ అందరు అమెరికన్ పిల్లల్లాంటివాళ్ళమేనని ఆ పుస్తకం పట్టుదలగా చెబుతుంది. శిబిరాల నుంచి బయటి కాలేజీలకు పిల్లల్ని పంపడానికి 1942లో ఒక స్వచ్ఛంద మండలి ఏర్పడి, 4 వేల మందికి పైగా విద్యార్థులకు దారి చూపింది. ఏ కాలేజీ తీసుకుంటుందో, రైలు ఖర్చు ఎవరిస్తారో, ఆ ఊళ్ళో ఎవరు ఆదరిస్తారో ఒక్కొక్కరికీ విడివిడిగా కనుక్కుని సాగనంపారు.

ఈ కథలన్నీ ఒకే ప్రశ్న దగ్గరికి తెస్తాయి. ఆశయమనేది పిల్లల లోపల పుట్టేదా, చుట్టూ ఉన్నవాళ్ళు అందించేదా? దీన్ని కొలిచి చూసే అవకాశం విస్కాన్సిన్ రాష్ట్రంలో వచ్చింది. 1957 వసంతంలో ఆ రాష్ట్రంలో హైస్కూలు ముగించబోతున్న విద్యార్థులందరికీ ఒక ప్రశ్నపత్రం ఇచ్చారు. తర్వాత ఏం చేయాలనుకుంటున్నారు? అమ్మానాన్నలు ఏమంటున్నారు? టీచర్లు ప్రోత్సహించారా? స్నేహితులు ఎటు వెళ్తున్నారు? విలియం సీవెల్ అనే సామాజిక శాస్త్రవేత్త ఆ పత్రాల్లోంచి మూడో వంతు, అంటే 10,317 మందిని లాటరీ పద్ధతిలో ఎంచుకుని, వాళ్ళ జీవితాలను అనుసరించడం మొదలుపెట్టాడు. 1964లో తల్లిదండ్రులకు ఉత్తరాలు రాసి పిల్లలెక్కడున్నారని వాకబు చేస్తే నూటికి 87 మంది వివరాలు దొరికాయి. పరిశోధనలో ఇది అరుదైన సంఖ్య. ఆ తర్వాత 1975లో ఫోన్లు చేశారు, 1990లలో మళ్ళీ అడిగారు, 2000ల్లో కూడా వదల్లేదు.

తేలిన సంగతులు కటువుగానే ఉన్నాయి. కలిగిన ఇంటి పిల్లలు కాలేజీ గడప తొక్కే అవకాశం లేనింటి పిల్లలకన్నా 4 రెట్లు. డిగ్రీ పూర్తి చేసే అవకాశం 6 రెట్లు. అంతకు పైచదువులకు వెళ్ళే అవకాశం 9 రెట్లు. పిల్లల తెలివిని కొలిచిన పరీక్షల ఫలితాలు కూడా పరిశోధకుల దగ్గర ఉన్నాయి కాబట్టి, ఇది ఒట్టి తెలివి తేడా అని కొట్టిపారేయడానికి లేకుండా పోయింది. అన్నిటికన్నా గట్టిగా నిలదీసేది అబ్బాయిలకూ అమ్మాయిలకూ మధ్య కనబడిన తేడా. కాలేజీకి వెళ్ళాలనుకోవడంలో, వెళ్ళి పూర్తి చేయడంలో అబ్బాయిల విషయంలో కుటుంబ స్థాయికన్నా తెలివి ఎక్కువ లెక్కకొచ్చింది. అమ్మాయిల విషయంలో తెలివికన్నా కుటుంబ స్థాయి ఎక్కువ లెక్కకొచ్చింది. తెలివైన పేదింటి కుర్రాడికి తలుపు కొంచెమైనా తెరుచుకునేది. అంతే తెలివైన పేదింటి అమ్మాయికి అంత కూడా తెరుచుకునేది కాదు. ఆ అమ్మాయి తన పేరు కింద స్టెనోగ్రాఫర్ అని రాసుకుంటే దాన్ని ఆమె స్వభావమనో, ఇష్టమనో చదవడం అన్యాయం.

మరి పరిస్థితులే అన్నీ నడిపించాయా అంటే, కాదు. తల్లిదండ్రుల ప్రోత్సాహం, టీచరు మాట, స్నేహితుల దారి, ఈ మూడూ పిల్లల కోరికను పైకి లేపగలవని సీవెల్ బృందం 1969లో చూపించింది. సామాజిక శాస్త్ర విద్యార్థులు దాన్ని విస్కాన్సిన్ నమూనా అంటారు. ఇంటి ఆదాయాన్ని ఏ టీచరూ మార్చలేదు గానీ, ఒక విద్యార్థిని పిలిచి నువ్వు చదవగలవని చెప్పడం ఎవరి చేతిలోనైనా ఉన్న పని. అమెరికన్ బళ్ళలో సలహాదారుల ఉద్యోగాలు పెరగడానికి, 1958 చట్టంతో విద్యార్థులకు ప్రభుత్వ అప్పులు రావడానికి అసలు ప్రేరణ 1957 అక్టోబరులో సోవియట్‌లు ఎగరేసిన స్పుత్నిక్. కానీ అవి విస్కాన్సిన్ తరగతి బడి దాటిన ఏడాదికి పైగా గడిచాక వచ్చాయి.

స్వభావాన్ని కూడా కొలిచారు. 1960లో మనస్తత్వవేత్త జాన్ ఫ్లానగన్ ఆధ్వర్యంలో 'ప్రాజెక్ట్ టాలెంట్' దేశవ్యాప్తంగా సుమారు 4 లక్షల 40 వేల మంది హైస్కూలు పిల్లలకు రెండు రోజులపాటు పరీక్షలు పెట్టింది. తెలివితేటలతో పాటు చురుకు, ప్రశాంతత, తొందరపాటు, పొందిక, నలుగురితో కలిసే గుణం, నాయకత్వం వంటి పది లక్షణాలను అడిగి తెలుసుకుంది. తాము కోరుకునే ఉద్యోగం ఎలాంటిదో ఒక వ్యాసం కూడా రాయించింది. కొన్నేళ్ళకు మళ్ళీ పలకరిస్తే చాలామంది అప్పటి ఉద్యోగపు కోరికలు వదిలేసి వేరే దారుల్లో ఉన్నారు. స్వభావపు జాడలు మాత్రం అంత తేలిగ్గా చెరగలేదు. వాళ్ళలో 82 వేల మందికి పైగా వ్యక్తుల ఆరోగ్య వివరాలు అర్ధశతాబ్దం తర్వాత పరిశీలిస్తే, బడిలో చురుగ్గా, నిదానంగా, పరిణతితో ఉన్నవారిలో డిమెన్షియా కొంత తక్కువగా కనిపించింది. అయితే ఇంటి స్థితి బాగాలేని పిల్లల్లో ఈ మేలు అంతగా కనిపించలేదు. మంచి స్వభావం పనిచేయడానికి కూడా కాస్త కలిగిన ఇల్లు కావలసి వచ్చిందన్నమాట.

విస్కాన్సిన్ అమ్మాయిల దగ్గరికి మళ్ళీ వస్తే, డెబోరా కార్ అనే పరిశోధకురాలు 1997లో వాళ్ళ గురించి రాసింది. ముప్పై అయిదేళ్ళ వయసులో ఎలాంటి ఉద్యోగం కోరుకున్నారో, యాభై దాటాక ఎక్కడున్నారో పోల్చి చూసింది. కోరుకున్న చోటికి చేరలేనివారిలో దిగులు ఎక్కువ, జీవితానికి ప్రయోజనముందన్న భావన తక్కువ. కొన్నేళ్ళ తర్వాత ఆమె వాళ్ళలో తల్లులైన కొందరితో వివరంగా మాట్లాడి, ఉద్యోగాల్లో స్థిరపడిన కూతుళ్ళతో తమను పోల్చుకుని ఏమనుకుంటున్నారని అడిగింది. చాలామంది అది తమ చేతకానితనమని చెప్పలేదు. ఆ రోజుల్లో దారులే అవి అన్నారు. కూతుళ్ళను తామే పెంచామనీ, వాళ్ళు సాధించినదాంట్లో తమ వంతూ ఉందనీ చెప్పుకున్నారు.